దేశాయి పొలం బలం

పూర్వం ఒక సంస్థానంలో, వాగు ఒడ్డున ఉన్న ఇసుక నేలలో ఊరి పెత్తందారు దేశాయి నరసోజీ, రైతు బాలవ్వ పక్కపక్క పొలాల్లో గోధుమ వేసేవారు. పైరుకు బలమని ఇద్దరూ సమానంగానే సూరేకారం చల్లేవారు. అయినా బాలవ్వ గోధుమ నడుమెత్తు పెరిగింది, దేశాయిది మోకాలు దాటలేదు. ఆ పచ్చదనం చూస్తుంటే అతని కళ్లు మండిపోయేవి. చివరికి ఆమెను రాజుగారి సభకు పిలిపించి మొరపెట్టుకున్నాడు.

"మహాప్రభో, ఈమె మంత్రం వేసి నా పొలం బలమంతా లాక్కుంది. ఆమె పొలం నాకిప్పించండి."

"నిజమేనా? నిజమైతే నీ పొలం పోతుంది" అన్నాడు రాజు బాలవ్వతో.

"బలం వచ్చింది వారి నుంచే, దొరా. అయితే నేను లాక్కోలేదు, దేశాయిగారే పంపారు. నా పైరు పాడవ్వాలని మూడేళ్లుగా తమ పశువుల కొట్టంలోని పెంటంతా నా పొలంలో పోయిస్తున్నారు. నేను దాన్ని దున్ని కలిపేసుకున్నాను. ఉత్త ఇసుకలో సూరేకారం వానకు జారిపోతుంది. పెంట కలిసిన ఇసుక దాన్ని పట్టి ఉంచుతుంది."

సభంతా గొల్లున నవ్వింది.

"దేశాయీ, ఇకమీదట ఆమె పొలంలో పెంట పోశావో, జాగ్రత్త!" అన్నాడు రాజు.

"అయ్యో దొరా, తప్పు వారిదైతే శిక్ష నాకా?" అంది బాలవ్వ.

ఆ ఏడు ఆమెకు ఒక్క గంపెడు కూడా దక్కకూడదని దేశాయి పెంటంతా తన పొలంలోనే పోయించాడు. గోధుమ విరగపండింది. చూడవచ్చిన వాళ్లంతా, "బాలవ్వ నేర్పిన సేద్యం మరి, పండకేం చేస్తుంది!" అన్నారు.

కోతలు అయ్యేదాకా దేశాయి తన పొలం గట్టు తొక్కలేదు.