గుడ్లగూబ ఉపన్యాసం

ఆ గుడ్లగూబ నోరు గీసీ గీసీ సింహాద్రికి విసుగొచ్చేసింది.

సినిమాహాళ్ళలో అసలు సినిమాకి ముందు వేసే చిన్న కార్టూన్ చిత్రం అది. జనానికి అర్థశాస్త్రం నేర్పాలట. కథ ఇంతే: కరువు రోజుల్లో ఒక ఎలుక దగ్గర దోసెడు వడ్లు మిగిలాయి. తింటే విత్తనానికుండవు, విత్తితే ఇవాళ పిల్లలకు పస్తు. ఈ కాస్త చెప్పడానికి సింహాద్రి కళ్ళజోడు గుడ్లగూబనొకదాన్ని తెచ్చి కొమ్మ మీద కూర్చోబెట్టాడు. అది మాట్లాడుతూనే ఉంటుంది. అది నోరు కదిపినప్పుడల్లా ఇతగాడు ఇంకో కాగితం మీద ఇంకో బొమ్మ గీయాలి.

తీసినంతవరకూ బెజవాడ హాల్లో వేసి చూశారు. గుడ్లగూబ నోరు తెరవగానే జనం లేచి సోడాలకు వెళ్ళిపోయారు. ఈసారీ అంతే అయితే కార్టూన్ల గది మూసేస్తానని స్టూడియో యజమాని తేల్చిచెప్పాడు.

"ఎంత గీసినా జనానికెక్కడం లేదు గురువుగారూ," అన్నాడు సింహాద్రి.

జోగారావుగారు బొమ్మల బల్ల మీద వంగి వంగి నడుం పోగొట్టుకున్న మనిషి. ఆయనకూ ఓపిక లేదు. "ఏం చేద్దామంటావురా?"

"గుడ్లగూబ చేత ఇంకాస్త విడమరిచి చెప్పిస్తానండీ. ఇంకో కట్ట కాగితాలిప్పించండి."

ఆయన లేచి బల్ల మీదున్న తెల్లకాగితాల కట్ట తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఓ నాలుగు కాగితాలు మాత్రం వదిలారు.

"ఆఖరి ఘట్టానికి ఇంతే. ఇంకొక్కటి కూడా అడక్కు." వెళ్ళి బెంచీ మీద నడుం వాల్చారు.

సింహాద్రికి ఒళ్ళు మండిపోయింది. గుడ్లగూబను గీస్తే ఎలుకకు చాలవు, ఎలుకను గీస్తే గుడ్లగూబకు చాలవు. ఒక కాగితం తీశాడు, మళ్ళీ కింద పెట్టాడు. పెన్సిల్ పట్టుకోవాలంటే భయమేసింది.

చివరికి గుడ్లగూబ మాట్లాడే ముక్కలన్నీ కత్తిరించేసి, ఎలుకనే గీశాడు. గింజను నోటిదాకా తెచ్చి ఆగుతుంది. పిల్లల వైపు చూస్తుంది. చేను వైపు చూస్తుంది. ఆ తర్వాత కదిలించడానికి కాగితాల్లేవు. అందుకని ఆ ఒక్క బొమ్మనే కెమెరా కింద అలాగే ఉంచి చాలాసేపు తీశాడు.

బెజవాడ హాల్లోనే మళ్ళీ వేశారు. గురుశిష్యులిద్దరూ వెనక గోడకానుకుని నిలబడ్డారు. తెర మీద ఎలుక ఆగిపోయింది. ఎవరూ లేవలేదు.

"తినేయవే తల్లీ, పిల్లలు మాడిపోతున్నారు!" నేల టిక్కెట్టులోంచి ఒకామె అరిచింది.

"తినేస్తే రేపేం పెడుతుంది? నువ్వు పెడతావా?" ఇంకొకతను గయ్యిమన్నాడు.

అసలు సినిమా మొదలైనా ఆ వాదం ఆగలేదు.

సింహాద్రి గొంతు తగ్గించి అడిగాడు. "మనం ఒక్క ముక్కా చెప్పలేదు కదండీ. ఈ చిక్కు వీళ్ళకెలా తెలిసింది?"

జోగారావుగారు కళ్ళు మూసుకుని ఆ వాదం వింటున్నారు.

"ఆ నాలుగు కాగితాలూ ముందేసుకుని కూర్చున్నప్పుడు, నీకెవరు చెప్పారురా?"