టబితమ్మ కూర్చుందా?

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, అమెరికా దేశంలో కెస్ట్రెల్ ఫోర్డ్ అని ఒక బుల్లి పట్నం ఉండేది. నడుమ ఒక వాగు. వాగుకి ఇవతల బడి, అంగళ్లు, కౌన్సిల్ హాలు. అవతల కూలీనాలీ చేసుకునేవాళ్ల ఇళ్లు.

కౌన్సిల్ అంటే ఏమిటి? జనం ఓట్లేసి ఎన్నుకున్న పెద్దలు. ఊళ్లో దారి వేయాలన్నా, దీపం పెట్టాలన్నా వాళ్లు చేతులెత్తి సరేననాలి. ఆ హాల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా సరే, నిలబడి ఉన్నంతసేపు మాట్లాడొచ్చు, అప్పటిదాకా సభ ముగించకూడదు. కూర్చున్నారా, ఇక వాళ్ల మాట అయిపోయినట్టే.

అవతలి గట్టున టబిత అనే ముసలమ్మ బట్టలుతికి బతికేది. పాపం, మోకాళ్లు అరిగిపోయాయి. అక్కడి పిల్లలు వాగు మీద వేసిన దుంగ మీంచి బడికి పోవాలి. వానలకి దుంగ నాచు పట్టింది. టబిత మనవరాలు రూత్ జారి వాగులో పడింది. ఎవరో జుట్టు పట్టి లాగారు గనుక బతికింది.

టబిత హాలుకి వెళ్లింది. "అయ్యా, మాకొక వంతెన..." అంది.

మేయరు హోలిస్ మహా మర్యాదస్తుడు. "పెద్దవారు, కూర్చోండమ్మా!" అని కుర్చీ జరిపాడు. కూర్చుంది. మాట అయిపోయింది.

మళ్లీ వానలొచ్చాయి. "అయ్యా, మాకొక వంతెన..."

"కూర్చోండమ్మా, ఈసారి దిండు కూడా వేయించాను."

సంగతి తెలిసినా మోకాళ్లు వినలేదు. కూర్చుంది. మాట అయిపోయింది.

"దిండు మెత్తగా ఉందా పిన్నీ? దాని మీదెక్కి వాగు దాటుదామా?" అంది పొరుగింటి డోర్కస్.

మూడోసారీ వెళ్లింది. "అయ్యా, మాకొక వంతెన..."

"కూర్చోండమ్మా."

"ముందు వంతెన. తర్వాతే కుర్చీ."

మధ్యాహ్నం దాటింది. పెద్దల కడుపుల్లో ఎలుకలు పరుగెత్తాయి. "ఇంట్లో సూప్ చల్లారిపోతోందమ్మా!" అన్నాడొకాయన.

"మా వాగు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది నాయనా. మా రూత్‌ని అడుగు."

మోకాళ్లు వణికాయి. చెయ్యి కుర్చీ వైపు పోయింది. అప్పుడు వెనక వరసలో కూర్చున్న డోర్కస్ లేచి వచ్చి ఆమె చంక కింద భుజం పెట్టింది. "నేను పట్టుకుంటా పిన్నీ, నువ్వు మాట్లాడు."

పెద్దల్లో ఒకరి చెయ్యి లేచింది. ఇంకోటి లేచింది. అందరికన్నా చివర మేయరుగారిది లేచింది. అప్పుడు టబితమ్మ దిండు సర్దుకుని మరీ కూర్చుంది.

వంతెన కట్టారు, దానికి మేయరుగారి పేరు పెట్టారు. ఆయనా పోయాడు, ఆమె కూడా పోయింది. చెక్క వంతెన పోయి రాతిది వచ్చింది. దాని మీద ఎవరి పేరుందో ఎవరూ చూడరు.

కానీ ఆ హాల్లో ఈనాటికీ సభ ముగించే ముందు మేయరు లేచి అడగాలి, "టబితమ్మ కూర్చుందా?" అని.

"కూర్చుంది" అని అందరూ అంటే ఇళ్లకి పోతారు. వెనక వరసలోంచి ఎవరో ఒక్కరు "ఇంకా లేదు" అన్నారా, పెద్దలంతా మళ్లీ తమ కుర్చీల్లో సర్దుకుంటారు. సూప్ చల్లారినా సరే.