పద్నాలుగో టిక్కు

కాకినాడలోని ఒక ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునే లోహిత్‌కి పనంతా బాగానే వచ్చు గానీ, కొత్తది చేతికి రాగానే పాతదాన్ని ఆనవాలు లేకుండా వదిలించుకునే అలవాటు ఒకటి ఉండేది. ఒకసారి కొత్త చెప్పులు కొనుక్కుని, పాతవి కొట్లోనే చెత్తబుట్టలో పడేశాడు. మెయిన్ రోడ్డు దాటేసరికి కొత్తవి కరిచేశాయి. వాటిని చేత్తో పట్టుకుని, ఎండలో గెంతుకుంటూ ఆఫీసుకొచ్చాడు.

“ఏమయ్యా, మాలేసుకున్నావా?” అని అడిగారు పై అధికారి జకరయ్య గారు.

“లేదు సార్. కొత్త చెప్పులు.”

“మరి పాతవి?”

లోహిత్ కొత్తవి బల్ల కిందికి తోసేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

వాళ్ల గదిలో ఒక పెద్ద స్టోరేజీ ఉండేది. పదేళ్లుగా ఆస్పత్రిలో తీసిన స్కాన్లన్నీ అందులోనే ఉండేవి. దాన్ని రెండు సర్వర్లు జంటగా చూసుకునేవి. ఒకటి ఆగిపోతే రెండోది అందుకునేది. ఆ సర్వర్లలో సాఫ్ట్‌వేర్ పాతబడింది. మార్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

“ప్రతి సర్వర్లో రెండు డిస్కులున్నాయి. ఇప్పుడు మొదటి డిస్కు మీద నడుస్తోంది, దాని జోలికి వెళ్లం” అన్నారు జకరయ్య గారు. “దాన్ని అచ్చంగా రెండో డిస్కు మీదికి కాపీ చేసి, కొత్త సాఫ్ట్‌వేర్ ఆ కాపీలో ఎక్కిద్దాం. ఈలోపు ఆస్పత్రి పని ఆస్పత్రిదే. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి, అప్పుడు సర్వర్లు ఆపి రెండో డిస్కు మీంచి లేపుదాం.”

“తేడా వస్తే?”

“మళ్లీ మొదటి డిస్కు మీంచి లేపుతాం. పావుగంట పని. నువ్వు అద్దె ఇల్లు మారితే, కొత్తింట్లో పాలు పొంగించగానే పాతింటి తాళాలు ఇచ్చేస్తావా? పంపులో నీళ్లొస్తాయో లేదో నాలుగు రోజులు చూసుకోవా?”

“నేనైతే పాలు పొంగకముందే ఇచ్చేస్తాను సార్.”

“అదే నా భయం” అన్నారాయన.

చేయాల్సిన పనులన్నీ ఆయన ఒక కాగితం మీద రాశారు. మొత్తం పద్నాలుగు. ఆఖరిది, స్టోరేజీని కూడా కొత్త పద్ధతిలోకి మార్చడం. అది మారాక పాత సాఫ్ట్‌వేర్ ఇక దాన్ని చదవలేకపోతుంది. అందుకే పక్కన ఎర్ర పెన్నుతో “వారం ఆగాక” అని రాశారు.

ఆదివారం మధ్యాహ్నానికి పదమూడు పనులూ చక్కగా అయిపోయాయి. రెండు సర్వర్లూ కొత్త సాఫ్ట్‌వేర్‌తో లేచాయి. స్కాన్లు తెరుచుకున్నాయి. జకరయ్య గారు భోజనానికి ఇంటికెళ్తూ, “ఇంక ఏదీ ముట్టుకోకు” అని చెప్పారు.

లోహిత్ కాగితం వంక చూశాడు. పదమూడు టిక్కులు, ఒక ఖాళీ గడి. చూసినకొద్దీ ఆ గడి కంట్లో నలుసులా గుచ్చుకుంది. “అన్నీ బాగానే ఉన్నాయి కదా. ఇంకా వారం దేనికి?” అనుకున్నాడు. మీట నొక్కాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. పద్నాలుగో టిక్కు పెట్టి, హాయిగా బిర్యానీ తిన్నాడు.

సోమవారం ఓపీకి జనం విరగబడ్డారు. తొమ్మిదింటికి డాక్టర్లందరూ ఒకేసారి స్కాన్లు తెరిచారు. ఆ ఒత్తిడికి కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం బయటపడింది. ఒక సర్వర్, రెండోది చచ్చిపోయిందనుకుంది. రెండోదీ అలాగే అనుకుంది. స్టోరేజీ నాదంటే నాదని రెండూ కొట్టుకుంటూ, మాటిమాటికీ ఆగిపోయాయి. స్కాన్లు తెరుచుకోవడం మానేశాయి.

“కంగారు పడకు. మొదటి డిస్కు మీంచి లేపు” అన్నారు జకరయ్య గారు.

సర్వర్లు బుద్ధిగా లేచాయి. స్టోరేజీ మాత్రం తెరుచుకోలేదు. ఆయన స్క్రీన్ చూశారు. తర్వాత కాగితం చూశారు.

“నేనే సార్” అన్నాడు లోహిత్. “నిన్ననే స్టోరేజీని మార్చేశాను.”

ఆయన అరవలేదు. “విడిగా దాచిన బ్యాకప్ కాపీలోంచి మొత్తం వెనక్కి తేవాలి. రేపు పొద్దుటిదాకా పడుతుంది” అన్నారు.

అంతలో ఫోన్ మోగింది. ఆపరేషన్లు చేసే డాక్టర్ మెహర్ గారు. పదకొండింటికి సత్తెమ్మ అనే ఆవిడకి తలలో కణితి తీయాలి. “పాత స్కాన్లు పక్కన లేకుండా నేను కత్తి పట్టను” అని డాక్టరమ్మ తేల్చి చెప్పేశారు.

జకరయ్య గారు ఫోన్ పెట్టేసి, “రేపటికి వాయిదా అని ఆ సత్తెమ్మకి నువ్వే వెళ్లి చెప్పు” అన్నారు.

సత్తెమ్మ ఉప్పాడలో చేపలమ్మేది. ఆపరేషన్ గౌను తొడుక్కుని, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ముందురోజు సాయంత్రం నుంచి ఆమె కడుపులో ఏమీ లేదు. లోహిత్ దాచకుండా చెప్పాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు.

“మూడు నెలల్నుంచి గుండె చిక్కబట్టుకుని వచ్చాను బాబూ” అంది సత్తెమ్మ. “రేపటికి ఈ ధైర్యం ఉంటదో ఉండదో.”

ముడుచుకున్న కాళ్లు కిందికి దింపింది. “సర్లే. మరి టీ తాగొచ్చా?” అంది.

నర్సు తలూపింది. లోహిత్ కిందికి పరిగెత్తి టీ తెచ్చాడు. గ్లాసు ఆమెకి అందించి, “రేపు ఎనిమిదింటికల్లా నేనే వచ్చి చెప్తానమ్మా. వెళ్లిపోకండి” అన్నాడు. సత్తెమ్మ టీ ఊదుకుని తాగుతూ, మంచం కిందున్న తన సంచి దగ్గరికి లాక్కుంది.

మర్నాడు ఏడున్నరకి స్టోరేజీ తెరుచుకుంది. సత్తెమ్మ పాత స్కాన్లన్నీ కనిపించాయి. లోహిత్ వార్డుకి పరిగెత్తాడు. మంచం ఖాళీగా ఉంది! వరండాలో వెతికాడు. లిఫ్టు దగ్గర బల్ల మీద, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది.

“వచ్చావా?” అంది. “ఎనిమిదైతే బస్సెక్కేద్దామనుకున్నాను.”

“పదండమ్మా. అంతా సిద్ధం.”

సత్తెమ్మ సంచి అతని చేతికిచ్చి లేచింది. ఆ రోజే ఆపరేషన్ అయింది. కణితి పూర్తిగా వచ్చేసింది.

రెండు నెలల తర్వాత సర్వర్ల కంపెనీ ఆ లోపం సరిచేసిన సాఫ్ట్‌వేర్ పంపింది. ఈసారి కాగితం లోహితే రాశాడు. అవే పద్నాలుగు పనులు. పదమూడు టిక్కులు పడ్డాక కాగితం గోడకంటించి, తన పని తాను చూసుకున్నాడు. సోమవారం జనం విరగబడ్డారు. సర్వర్లు తొణకలేదు. మంగళవారం కూడా తొణకలేదు. అయినా ఆ గడి అలాగే ఖాళీగా ఉంది.

ఎనిమిదో రోజున జకరయ్య గారే పెన్ను తీసి అతని చేతికిచ్చారు. ఇస్తూ బల్ల కింద చూశారు. అక్కడ అరిగిపోయిన పాత చెప్పుల జత ఒకటి ఉంది.

“ఇవేంటయ్యా?”

“మొన్న మళ్లీ కొత్తవి కొన్నాను సార్. ఇంకా కాలికి కుదరలేదు” అన్నాడు లోహిత్, టిక్కు పెడుతూ.

కొత్తది నిలబడిందని తేలేదాకా, పాతదానికి వెళ్లే దారిని మన చేత్తో మనమే మూసుకోకూడదు.