పన్నెండు ముక్కులు

ఓబులేశుకు ఆ పూట కాళ్ళు నేలమీద నిలవలేదు. "అందరూ మనవాళ్ళే" అనే అంశం మీద జిల్లా పిల్లలకు బొమ్మల పోటీ పెట్టారు. నిరుడు రెండో బహుమతితో సరిపెట్టుకున్నవాడు, ఈసారి మొదటిది తనదేనని నెలరోజులుగా ఊరంతా టాంటాం వేశాడు. బొమ్మ మరునాడు పొద్దున బస్సులో పంపాలి.

కొండ కింది దర్గా వసారాలో బొమ్మలు నేర్పే జిలానీ అయ్యవారి ముందు దాన్ని పరిచాడు. శనక్కాయల గంప చుట్టూ పన్నెండుమంది కూర్చున్నారు. తలపాగా రైతు, టోపీ సాయిబు, సిలువ వేసుకున్న ఫాదరు, అద్దాల ఓణీ లంబాడీ అవ్వ, ఇంకా ఎవరెవరో. రంగులైతే కళ్ళు చెదిరేలా ఉన్నాయి.

"ఎట్లుంది అయ్యవారూ? ఒక్క కులాన్నీ, ఒక్క మతాన్నీ ఇడిసిపెట్టలేదు!"

అయ్యవారు గడ్డం నిమురుకుంటూ చాలాసేపు చూశారు. తర్వాత మిగతా పిల్లల్ని పిలిచి, తన టోపీ తీసి ఓబులేశు నెత్తిన పెట్టారు.

"వీడెవురో చెప్పండి?"

"ఈ సాయిబు!" అంటూ పిల్లలు బొమ్మలో చూపించారు.

టోపీ తీసి తువ్వాలు చుట్టారు.

"ఈ రైతు!"

ఆ పిల్లల్లోని లంబాడీ జమున ఎదురుగా ఉన్న తమ ఇంటికి పరుగెత్తి, వాళ్ళవ్వ ఓణీ తెచ్చి అతని తలకు కప్పింది. "ఈ అవ్వ! ఈ అవ్వ!" పిల్లలు పడీపడీ నవ్వారు.

ఓబులేశూ నవ్వుతూ బొమ్మ వైపు చూశాడు. కొన దగ్గర కాస్త ఎడమకు వంగిన ముక్కు. అది తనదే. పన్నెండుమందికీ అదే ముక్కు!

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "పొద్దున్నే బస్సు. ఇప్పుడెట్లా అయ్యవారూ?"

అయ్యవారు లోపల్నించి శనక్కాయల గంప తెచ్చి మధ్యలో పెట్టారు. "తినండి," అన్నారు పిల్లలతో. ఓబులేశు చేతికి మాత్రం తెల్లకాగితం ఇచ్చారు.

అతను జమున ఎదురుగా కూర్చున్నాడు. "ఇట్లా చూడు. గడ్డం మీద ఆ మూడు చుక్కల పచ్చబొట్టు ఎప్పుడు పొడిపించుకున్నావు?"

"నాకు మూడేండ్లప్పుడు! రెండేండ్లుగా నీ పక్కనే కూచుంటాండా. ఇప్పుడా కనపడింది నీకు?"

ఈసారి ఓబులేశే అందరికంటే గట్టిగా నవ్వాడు. పక్కనే శనక్కాయలు ఒలుస్తున్న ఖాజా నవ్వితే ఒక కన్ను మూసుకుపోతుంది. యేసుపాదం కనుబొమ్మను ఒక మచ్చ రెండుగా చీల్చింది. ఏ ఇద్దరి చెవులూ ఒక్కలా లేవు. చూసేకొద్దీ అతనికి భలే సంతోషం వేసింది. బహుమతి సంగతే మరిచిపోయాడు.

పొద్దు వాలేసరికి బొమ్మ పూర్తయింది. గంపా ఖాళీ అయింది.

అయ్యవారు కళ్ళజోడు సవరించుకుని, బొమ్మలో ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికారు.

"నువ్వు యాడా కనపడవేమిరా?"

ఓబులేశు కూడా వెతికాడు. నిజమే, తన వంగిన ముక్కు ఒక్కరికీ లేదు.

జమున ఓణీ కొంగు ముడి విప్పి, అతని కోసం దాచిన గుప్పెడు శనక్కాయలు ఒళ్ళో పోసింది.

"ఇంక పంపు," అన్నారు అయ్యవారు.