పిడుగు ఫోనును కాడికి కట్టిన ఉడుత

కాలువ గట్టు మీద ఒక కానుగ తోపు. ఆ తోపులో ఉండే జీవాలకు గురువారం అంటే గుండెల్లో రాయి. ఆ రోజు పొద్దు నడినెత్తికి రాగానే ఊరి పొలాలకు నీళ్ల వంతు. కాలువ లస్కరు సైకిలు దిగి, తూము చక్రం తిప్పుతాడు. అప్పటిదాకా పాము కుబుసంలా ఎండిపోయి పడున్న పిల్లకాలువ బుసకొడుతూ లేస్తుంది. గట్టు బొరియల్లో కాపురమున్న వాళ్లంతా ఆలోగా బయటపడాలి.

బయటపడటానికి ముందు లేవాలి కదా. ఎలుకలు రాత్రంతా తిరిగి పగలు పడుకునే జాతి. వాళ్లకు గురువారమూ ఒకటే, శుక్రవారమూ ఒకటే. పొద్దున్నే వెళ్లి గడ్డివాములో కూర్చుందామంటే పిల్లి పసిగడుతుంది. అందుకని తూము మీదికి వంగిన కొమ్మ మీద ఉడుత చారలమ్మ కాపలా. లస్కరు చక్రం మీద చెయ్యి వెయ్యగానే ఆమె కూత పెడుతుంది. ఎలుకలు పిల్లల్ని నోట కరుచుకుని గడ్డివాము కిందికి పరిగెడతాయి. చారలమ్మ తల్లి చేసిన పని అది, తల్లికి తల్లి చేసిన పని.

పోయిన వంతుకు చారలమ్మ కొమ్మ మీదే ఉంది. లస్కరు రావడం చూసింది, చక్రం తిరగడం చూసింది. సరిగ్గా అప్పుడే, మొన్న దాచిన చింతపిక్క ఏ తొర్రలో పెట్టానా అని ఆలోచనలో పడింది. తేరుకుని కూత పెట్టేసరికి నీళ్లు నూకాలు ఇంట్లోకి వెళ్లాయి. నూకాలు బాలింత ఎలుక. తడిసిన పిల్లల్ని ఒక్కొక్కటిగా లాక్కొచ్చి ఎండలో ఆరబెట్టుకుంది. అందరూ బతికారు గాని, చివరిదానికి దగ్గు పట్టుకుంది.

చారలమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. "పెద్దదానివి, పోనీలే పెద్దమ్మా," అంది నూకాలు. ఆ 'పోనీలే' చారలమ్మకు గొంతులో ముల్లులా దిగింది. తిట్టినా బాగుండేది. ఆమె అప్పటినుంచి చూసిందాన్ని చూశానా అని, తిన్నదాన్ని తిన్నానా అని రెండోసారి తనను తానే అడగడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గుంటయ్య అనే గుంటనక్క ఫోన్ల దుకాణం తెరిచాడు. సరుకంతా పిల్లకాలువ గట్టున ఉన్న తన గుహలోనే. దుకాణం మాత్రం పొద్దెక్కకముందూ పొద్దువాలాకా, తూము పక్కన ఊట కారే చోట, తడి ఇసుక మీద, చిక్కటి నీడలో.

"రండి, చూసిన వాళ్లకు కాణీ ఖర్చు లేదు. దీని పేరు పిడుగు. ధర చూస్తే పిట్ట, పని చూస్తే ఏనుగు. పట్నపు ఫోను కొనాలంటే బండెడు కాయలు పొయ్యాలి. ఇది సగం బుట్ట వేరుశనక్కాయలకే ఇస్తున్నా. ఎంతసేపు గేమ్ ఆడినా వేడెక్కదు. నీళ్లలో పడినా నవ్వుతూ లేస్తుంది."

"అలారం మోగుతుందా నాయనా?" అని అడిగింది చారలమ్మ.

గుంటయ్య నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "ఏనుగును చూపించి, ఇది గడ్డిమోపు మొయ్యగలదా అని అడుగుతున్నావు పిన్నీ."

పక్కనే కోతి కొమ్మన్న కూర్చుని ఉన్నాడు. ఫోన్ల విషయంలో తోపంతటికీ కొమ్మన్న మాటే వేదం. వాడు జన్మలో ఒక్క ఫోనూ కొనలేదు. అందుకే వాడికి అన్ని ఫోన్ల గురించీ తెలుసు. కొత్తది ఏది వచ్చినా ముందు వాడి చేతికి వెళ్తుంది, దానితోపాటు ఒక అరటి హస్తమూ వెళ్తుంది.

"చూడు మామ్మా," అని కొమ్మన్న కార్ల పందెం గేమ్ తెరిచాడు. "కారు లోయ మీంచి ఎగిరింది. బొమ్మ ఎక్కడైనా తడబడిందా? వేలు పెడితే నూనె రాసినట్టు జారుతోంది. ఇంత తక్కువలో ఇంత పరుగు నేను చూడలేదు. వెనకవైపు ముట్టుకో, ఎంత చల్లగా ఉందో."

చారలమ్మ ముట్టుకుంది. నీళ్లకుండ అడుగులా చల్లగా ఉంది. చల్లదనం సరే, ఒక తడి ఇసుక రేణువు ఆమె గోటికి అంటుకుంది. అప్పటినుంచి ఆమె ఫోన్ని వదిలేసి గుంటయ్యను చూసింది. ఒక్కో పందెం అవగానే వాడు, "వేలిముద్రలు తుడిచిస్తా," అని ఫోను తీసుకుంటున్నాడు, తుడుస్తూ తుడుస్తూ తడి ఇసుకలో వెల్లకిలా పడుకోబెడుతున్నాడు, కాసేపు కబుర్లు చెప్పి మళ్లీ ఇస్తున్నాడు.

ఇది నేను నిజంగా చూశానా, నా ముసలి బుర్ర అల్లిందా? ఆ అనుమానంతోనే ఆమె గడ్డివాము దగ్గర నెమరేస్తున్న కపిలయ్య దగ్గరికి వెళ్లింది. కపిలయ్య ఎర్రమట్టి రంగు ఎద్దు. ఏదైనా అడిగితే నోట్లో ఉన్న ముద్ద మింగాకే జవాబు చెబుతాడు.

"చూసే ఉంటావు," అన్నాడు ముద్ద మింగి. "సంతలో నన్ను అమ్మినవాడు కూడా అంతే చేశాడమ్మా. పొద్దున్నే కడిగి, కొమ్ములకు నూనె రాసి, చెట్టునీడన నిలబెట్టాడు. ఎవడైనా వస్తే తోక మెలిపెట్టేవాడు, నేను గుర్రంలా ఉరికేవాణ్ణి. తోక మెలిపెడితే ఎవడు ఉరకడు? చూసినవాళ్లంతా ఆహా అన్నారు. నన్ను కొన్నవాడు మాత్రం ఆహా అనలేదు. పళ్లు చూశాడు, సుడులు చూశాడు, చివరికి మిట్టమధ్యాహ్నం కాడికి కట్టి ఇసుకబాటలో బరువు బండి లాగించాడు. అప్పుడు ఇచ్చాడు బయానా."

"ఫోనుకు కాడి ఎక్కడ కడతాం కపిలన్నా?"

"నీకు దాంతో పనెప్పుడు?"

"గురువారం. నడిపొద్దున."

"ఎక్కడ?"

"నా కొమ్మ మీద. అక్కడ ఆకు నీడ కూడా ఉండదు."

"అయితే అదే కాడి," అని కపిలయ్య మళ్లీ నెమరులో పడ్డాడు.

మర్నాడు సాయంత్రం దుకాణం కిటకిటలాడుతోంది. చారలమ్మ వేరుశనక్కాయల బుట్ట ఈడ్చుకుంటూ వచ్చింది. ఆమె దాచినవి ఇంకా చాలా ఉన్నాయి. ఎక్కడున్నాయో గుర్తున్నవి ఇవే.

"నీ పిడుగును తీసుకుంటా గుంటయ్యా. కాకపోతే కట్టి చూసి తీసుకుంటా."

"కట్టి చూడటమేంటి పిన్నీ? ఇదేమైనా దున్నపోతా?"

"గురువారం పొద్దున్నుంచీ తూము రాయి మీద పెడదాం. కొమ్మన్న దాంతో ఆడుకుంటాడు. నడిపొద్దుకు అలారం పెట్టు. అది మోగిందా, ఈ బుట్ట నీది. తోపులో ప్రతి తొర్రకూ ప్రతి బొరియకూ నేనే చెప్పి కొనిపిస్తా."

గుంటయ్య కళ్లు మెరిశాయి. "దానికేం భాగ్యం?"

"ఇంకొక్క మాట. ఆ రోజు నేను కూత పెట్టను."

నూకాలు పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. గుంటయ్య చెవులు మాత్రం కిందికి వాలాయి. ఎందుకంటే వాడి గుహ ఎలుకల బొరియల కంటే పల్లంలో ఉంది. వాడూ పగటి నిద్రవాడే. ఇన్నాళ్లూ వాడు గురువారం పూట మూటా ముల్లె సర్దుకున్నది చారలమ్మ కూత వినే.

"అదేంటి పిన్నీ, నీ కూత తరతరాల కూత. అదీ ఉండాలి, ఇదీ ఉండాలి."

"నాది ముసలి గొంతు, మతిలేని బుర్ర. పోయినసారి ఏం చేశానో అందరూ చూశారు. ఇంట్లో పిడుగును పెట్టుకుని నేను అరవడమెందుకు నాయనా?"

"అలా కాదు, ఎందుకైనా మంచిదని..."

"అంటే మోగదేమోనని అనుమానమా మామా?" అన్నాడు కొమ్మన్న అరటిపండు ఒలుస్తూ. వాడు ఎత్తిపొడవలేదు, తెలియకే అడిగాడు. ఎత్తిపొడిస్తే గుంటయ్య ఏదో ఒకటి అని తప్పించుకునేవాడు. అమాయకంగా అడిగేసరికి కొనేవాళ్ల చూపులన్నీ గుంటయ్య మొహం మీదికి తిరిగాయి.

"నాకా, అనుమానమా?" అన్నాడు గుంటయ్య. "కట్టి చూసుకోండి."

గురువారం వచ్చింది. చారలమ్మ తెల్లవారగానే ఒక గడ్డిపోచ తెంచి ముంజేతికి ముడి వేసుకుంది. ఆడవాళ్లు గుర్తు కోసం కొంగున ముడి వేసుకోవడం ఆమె పొలంలో చూసింది. కూత పెట్టడం మరిచిపోతానేమోనని ఇన్నాళ్లూ భయం. పెట్టకూడదన్న సంగతి మరిచిపోతానేమోనని ఇప్పుడు భయం. ఆ వారం నాగలికి సెలవు. కపిలయ్య గడ్డివాము పక్కనే అడ్డంగా నిలబడ్డాడు. ఆయన కాళ్ల మధ్య నుంచి ఎలుకలన్నీ పిల్లాపీచుతో వాములో చేరాయి. అంత ఎద్దును దాటి పిల్లి రాదు.

కాసేపటికి గుంటయ్య ఒక గోతాం ఈడ్చుకుంటూ గుహలోంచి బయటికి వచ్చాడు.

"ఏం గుంటయ్యా, సంసారం ఎత్తేస్తున్నావా?" అన్నాడు కపిలయ్య.

"అబ్బే, ఊరికే. ఇల్లు ఊడుస్తున్నా."

"ఊడ్చుకో. అలారం మోగాక తీరిగ్గా సర్దుకోవచ్చులే. నీ ఫోనే కదా."

గుంటయ్య గోతాన్ని మళ్లీ లోపలికి ఈడ్చుకుపోయాడు.

నడిపొద్దుకు అలారం పెట్టించుకుని, తూము రాయి మీద పిడుగు పందెం మొదలుపెట్టింది. ముందు కారు బాగానే ఉరికింది. ఎండ ఎక్కింది. కారు ఎగరాల్సిన చోట ఆగి ఆలోచించసాగింది.

"ఎద్దుబండిలా నడుస్తోందే," అన్నాడు కొమ్మన్న.

"ఎద్దుబండి జోలికి రాకు," అన్నాడు కపిలయ్య.

ఇంకాస్త పొద్దెక్కేసరికి కొమ్మన్న ఫోన్ని, నిప్పుల్లోంచి తీసిన చిలగడదుంపలాగా, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"తుడిచిస్తా, ఇలా ఇవ్వు," అని గుంటయ్య చెయ్యి చాచాడు.

"తుడవక్కర్లేదులే," అంది చారలమ్మ కొమ్మ మీంచి. "నా కొమ్మ మీద తడి ఇసుక ఉండదు నాయనా."

స్క్రీన్ మీద ఏవో అక్షరాలు వచ్చాయి. కొమ్మన్న కూడబలుక్కుని చదివాడు. "బాగా వేడెక్కానట. చల్లారాక రమ్మంటోంది." ఆ తర్వాత పిడుగు కళ్లు మూసింది.

"నిద్రపోతోంది," అన్నాడు గుంటయ్య. "వేళకు అదే లేస్తుంది."

గట్టు మలుపులో సైకిలు గంట వినిపించింది. లస్కరు వచ్చాడు. సైకిలు నిలబెట్టాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

చారలమ్మ గొంతులో కూత గంతులేసింది. తల్లి కూత, తల్లికి తల్లి కూత, అన్నీ కలిసి పళ్ల దాకా వచ్చాయి. ఆమె ముంజేతి ముడిని కరిచి పట్టుకుంది. పిల్లలు వాములో ఉన్నారు. చూశాను. నా కళ్లతో చూశాను. అరవకూడదు. గుర్తుంది.

గుంటయ్య ఫోను వంక చూశాడు. నల్లగా ఉంది. లస్కరు వంక చూశాడు. చక్రం వైపు నడుస్తున్నాడు. గుహ వంక చూశాడు. మళ్లీ ఫోను వంక చూశాడు. దాన్ని పట్టుకుని ఊదాడు కూడా. పిడుగు లేవలేదు. లస్కరు చక్రం మీద చెయ్యి వేశాడు, తుప్పు పట్టిన చక్రం కీచుమంది.

"ఊ..." అని మొదలైంది కూత. తోపు కొసదాకా, కాలువ అవతలి జొన్నచేను దాకా వినిపించింది. "నీళ్లొస్తున్నాయి, నీళ్లొస్తున్నాయర్రా, లేవండి." అరిచింది గుంటయ్యే. అరుస్తూనే గుహవైపు తోక ఎగరేసుకుని ఉరికాడు.

"నీళ్లలో పడినా నవ్వుతూ లేస్తుందన్నావుగా, పరుగెందుకు నాయనా?" అని చారలమ్మ పైనుంచి అడిగింది. జవాబు చెప్పడానికి వాడికి తీరిక లేదు. వాడు ఒక గోతాం బయటికి లాగేసరికి నీళ్లు రెండోదాన్ని లాక్కుపోయాయి. పిడుగులు వరసగా కాలువలో కొట్టుకుపోయాయి. ఒక్కటీ నవ్వలేదు.

సాయంత్రానికి గుంటయ్య మిగిలిన ఫోన్లను గట్టు మీద వడియాల్లా ఎండబెట్టుకుంటున్నాడు. కొమ్మన్న చుట్టూ జనం చేరారు.

"ఏం చెబుతావయ్యా ఇప్పుడు?"

"ఉన్నమాట చెబుతాను," అన్నాడు కొమ్మన్న, అరటిపళ్లు ఇక రావని తెలిసి. "రోజువారీ వాడకానికి పనికిరాదు. గేమ్‌కూ పనికిరాదు. నీడలో, తడి ఇసుకలో పడుకోబెట్టుకుని చూస్తే మాత్రం దీనికి సాటి లేదు."

చారలమ్మ కిందికి దిగి గుంటయ్య పక్కన కూర్చుంది. "బాధపడకు నాయనా. నీ దుకాణంలో ఒక్క సరుకు మాత్రం అసలైనది. నీ గొంతు. ఎండలో మోగింది, వేళకు మోగింది, ఛార్జింగ్ కూడా అక్కర్లేకపోయింది."

గుంటయ్య ఒక ఫోన్ని తిరగేశాడు.

"అయినా వచ్చే గురువారం సంగతేంటి కపిలన్నా?" అందామె, లేచి వాము దగ్గరికి నడుస్తూ. ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఈ రోజు ముడి ఉంది, గుర్తుంది. రేపు ముడి ఎందుకు వేశానో గుర్తు లేకపోతే?"

కపిలయ్య ముద్ద మింగాడు. "నీళ్లకు వంతు ఉంది కదా. గుర్తుకూ వంతు పెట్టుకోండి."

అలాగే పెట్టుకున్నారు. గురువారం గురువారం ఒక ఎలుక నిద్ర మానుకుని చెట్టు మొదట్లో కూర్చుంటుంది, "పెద్దమ్మా, చక్రం వైపే చూస్తున్నావా?" అని మధ్యమధ్య అడుగుతుంది. మొదటి వంతు నూకాలు అడిగి తీసుకుంది.

"ఇంతకీ నా కాయల బుట్ట ఎక్కడ పెట్టానే నూకాలూ?" అంది చారలమ్మ. "ఇక్కడే ఎక్కడో పెట్టినట్టుంది."

నూకాలు తల వంచుకుంది. వెనక వరసగా కూర్చున్న పిల్లల బుగ్గలన్నీ ఉబ్బి ఉన్నాయి. దగ్గు పిల్ల బుగ్గలు అందరికంటే ఎక్కువ ఉబ్బాయి.

"పోనీలే," అంది చారలమ్మ.

నీతి: నీడలో పరుగు చూసి మురిసిపోకు, ఎండలో కాడికి కట్టి చూడు.