పద్నాలుగు పళ్లేల పస్తు

తుమ్మలగిరి రాజు మాధవభూపతికి ఒక కోరిక పుట్టింది. ఇకమీదట కోటలో ఎవరూ ఆలోచించకూడదు. ఆలోచించిన ప్రతివాడూ ఏదో ఒక తప్పు చేస్తున్నాడట.

మంత్రి పెద్దిభట్టు నెల తిరిగేలోగా ప్రతి పనికీ 'ఇలా అయితే ఇలా చేయాలి' అని నియమాలు రాసి, పలకల మీద గోడలన్నిటికీ వేలాడదీశాడు. రాజు ముద్ర వేశాడు.

ఆ మధ్యాహ్నమే వంటమనిషి ఎల్లాంబ పళ్లెం తెచ్చింది. నాలుగో నియమం ప్రకారం, విషముందేమోనని ముందు ఆమె రుచి చూడాలి. చూసింది. ఐదో నియమం ప్రకారం రాజుకి ఎంగిలి పెట్టకూడదు. పళ్లెం వెనక్కి పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. రెండు రోజుల్లో పద్నాలుగు పళ్లేలు పోయాయి. వెనక్కొచ్చినవన్నీ తిని కాపలావాళ్లు ఒళ్లు చేశారు.

మూడో రోజు రాజు ఐదో నియమం కొట్టేయమన్నాడు. పెద్దిభట్టు వినయంగా పదోది చదివాడు. ఆకలి మీదున్న రాజు ముద్ర ముట్టకూడదు.

"తమరు భోంచేసి రండి ప్రభూ, వెంటనే కొట్టేద్దాం."

పదకొండోది ఇంకా ఘోరం. రాజు మూడు రోజులు పస్తుంటే, ఆ సాయంత్రమే వంటమనిషిని రాజ్యం దాటించాలి. ఎల్లాంబ అప్పటికే మూట కట్టుకుంటోంది. తను ముద్ర వేసిన నియమాన్ని తనే మీరితే నవ్వులపాలవుతానని రాజు ఆమెని ఆపలేదు.

రాజుకి తాంబూలం అందించే సూరాంబకి మూడు రోజులుగా పనిలేదు. తిననివాడికి తాంబూలమెందుకు? ఆమె పొద్దుటినుంచీ కోటంతా తిరిగి ప్రతి పలకా చదివింది. చెరసాలలోవి కూడా. తర్వాత రాజు దగ్గరికొచ్చి, వంటింట్లో ఒక కుండ పగలగొట్టి రమ్మంది.

ఎందుకని అడిగే ఓపిక రాజుకి లేదు. వెళ్లి మజ్జిగ కుండ పగలగొట్టాడు. భటులు పలక చూశారు. కుండ పగలగొట్టినవారు ఎవరైనా సరే, ఒక పూట ఖైదు. ఆలోచించకూడదు కదా, రాజుని మర్యాదగా చెరసాలకి తీసుకుపోయారు.

అక్కడ రాగిసంకటి, గోంగూర పచ్చడి పెట్టారు. రాజు చేయి వెనక్కి తీసుకుని, రుచి చూసేదెవరని దిగులుగా అడిగాడు.

"ఖైదీ అన్నం ఎవరూ రుచి చూడక్కర్లేదు ప్రభూ. వచ్చిన వెంటనే కడుపు నిండా పెట్టాలి, అంతే ఉంది," అంది వెనకే వచ్చిన సూరాంబ, గోడ మీది పలక చూపిస్తూ.

రాజు మూడు ముద్దలు మింగి, త్రేన్చి, ముద్ర తెమ్మన్నాడు. పెద్దిభట్టు పరుగున వచ్చాడు.

"ప్రభూ, ఖైదీ ముద్ర వేయకూడదు!"

"ఏ పలక మీదుంది భట్టుగారూ?" అంది సూరాంబ.

పెద్దిభట్టు నాలుగు గోడలూ వెతికాడు. లేదు. రాజు ఖైదీ అవుతాడని ఆయన ఆలోచించలేదు.

రాజు ముద్ర గుద్ది నియమాలన్నీ కొట్టేశాడు. చేతి కంకణం తీసి సూరాంబకిచ్చాడు.

"ఆ పలకలు పారేయకండి. భట్టుగారి వంటింట్లో వేలాడదీయండి. నెల్లాళ్లు ఆయన భోజనం వాటి ప్రకారమే," అన్నాడు భటులతో.

భటులు ఆలోచించకుండానే నవ్వారు. కోట వంటింట్లో ఎల్లాంబ మూటలోంచి గరిటె బయటికి తీసింది.