సుక్కన్నగారి మాటలు

పార్వతీపురంలో పరమేశం మాస్టారి దగ్గర కంప్యూటరు మరమ్మతు నేర్చుకునేవాళ్ళకు ఒక నియమం ఉండేది. పాడైన యంత్రం బల్ల మీదికి రాగానే దాన్ని ముట్టుకోకూడదు. తెచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించాలి. "ఇందులో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?" అని మాత్రం అడగకూడదు. "పొద్దున్న దీన్ని తెరవగానే మీరు మొదట ఏం చూసుకుంటారు?" అని అడగాలి. వాళ్ళు చెప్పింది ఓపిగ్గా విని, ఏమీ లేదన్నా సరే, డిస్కులో ఉన్నదంతా వేరే డిస్కులోకి ఎక్కించాకే పని మొదలుపెట్టాలి.

హైమావతికి ఈ నియమం మొదటినుంచీ మింగుడుపడలేదు. ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. విజయనగరంలో ఒక సెల్‌ఫోన్ల కొట్టులో చాలాకాలం పనిచేసి, కంప్యూటర్ల పని కూడా చేతికొస్తే సొంతంగా బతకవచ్చునని మాస్టారి దగ్గర చేరింది. చెయ్యి చురుకు, మాట ఇంకా చురుకు. ఒక మధ్యాహ్నం టైలరింగు చేసే ఒకావిడ ల్యాప్‌టాప్ తెచ్చి, "ఇందులో ఏమీ లేవమ్మా, పాటలూ సినిమాలూ, అంతా తుడిచి పారెయ్యి" అంది. అయినా మాస్టారు వినలేదు. డిస్కంతా ఎక్కించడానికి మూడు గంటలు పట్టింది. తీరా చూస్తే ఆవిడ చెప్పినట్టే పాటలూ సినిమాలే.

ఆవిడ వెళ్ళాక హైమావతి ఉండబట్టలేకపోయింది.

"మాస్టారూ, ఏమీ లేదని ఆవిడే నోరారా చెప్పింది. నిజంగానే ఏమీ లేదు. మనిషి మాట మీద మనకు ఆమాత్రం నమ్మకం ఉండొద్దా?"

మాస్టారు వాదించలేదు. చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టి, "పదిహేడేళ్ళ కిందట ఒకాయన మాట నేను అలాగే నమ్మానమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి ఇది.

అప్పటికి పరమేశానికి ఇరవై ఎనిమిదేళ్ళు. బస్టాండు ఎదుట మేడమెట్ల కింద చిన్న షాపు. "పరమేశం చేతికిస్తే అరగంట" అని ఊళ్ళో పేరు. ఆ పేరు వినడం అతనికి మహా ఇష్టంగా ఉండేది. ఆ అరగంటలో ఉన్న కిటుకు ఒక్కటే. యంత్రం నెమ్మదించినా, వైరస్ పట్టినా, తెరలేవకుండా మొరాయించినా అతను ఫార్మాట్ కొట్టేవాడు. డిస్కు మొత్తం తుడిచేసి, యంత్రాన్ని నడిపించే ఓఎస్ మళ్ళీ ఎక్కించేవాడు. రోగమేమిటో కనుక్కునే పనే ఉండేది కాదు.

శ్రావణమాసంలో ఒక మంగళవారంనాడు సుక్కన్నగారు వచ్చారు. అరవై దాటిన మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగినట్టుగా ఉన్నారు. ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసి రిటైరై, కొండమీద తన సొంత గూడెంలోనే ఉంటున్నారు. వానకు తడవకుండా సీపీయూను దుప్పట్లో మూటగట్టి, బస్సులో దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. మూట విప్పేటప్పుడు కూడా పసిబిడ్డను దించినట్టు దించారు.

"తెర నీలంగా అయిపోతంది బాబూ. ఇంగ్లీషులో ఏదో రాసి ఆగిపోతంది. దానంతట అదే మళ్ళీ లేస్తంది, మళ్ళీ ఆగిపోతంది. వానలు మొదలైన కాణ్ణించీ ఇదే వరస" అన్నారు.

షాపులో అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. పరమేశం తల ఎత్తకుండానే అడిగాడు.

"ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయాండీ ఇందులో?"

సుక్కన్నగారు కొంచెం సిగ్గుపడుతున్నట్టు నవ్వారు. నలుగురి ముందూ తన గురించి చెప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు.

"ఏటుంటాయి బాబూ. మాటలు. అంతే."

నిలబడ్డవాళ్ళలో ఒకాయన నవ్వాడు. పరమేశమూ నవ్వాడు. ఊసుపోక రాసుకున్న కబుర్లు కాబోలు అనుకున్నాడు. "అయితే ఫార్మాట్ కొట్టేస్తానండీ" అన్నాడు. "నాకేం తెలుసు బాబూ, నీకెలా మంచిదనిపిస్తే అలా చెయ్యి" అన్నారు సుక్కన్నగారు. ఫార్మాట్ అంటే ఏమిటో ఆయన అడగలేదు. ఇతను చెప్పనూ లేదు. అరగంటలో పని అయిపోయింది. సుక్కన్నగారు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, మూట ఎత్తుకుని వెళ్ళిపోయారు.

శుక్రవారంనాడు అదే మూటతో మళ్ళీ వచ్చారు. తెర మళ్ళీ నీలమవుతోందట. పరమేశానికి చిన్నతనమనిపించింది. ఆ రోజు షాపులో ఇంకెవరూ లేకపోవడంతో మొదటిసారిగా సీపీయూ మూత విప్పి చూశాడు. లోపల ర్యామ్ అనే చిన్న పట్టీ ఒకటి ఉంటుంది. దాని అంచున ఉండే పసిమి రంగు పళ్ళు కొండ మీది తేమకు నల్లబడి ఉన్నాయి. పిల్లలు బడిలో వాడే రబ్బరుతో వాటిని నాలుగుసార్లు రుద్ది, మళ్ళీ బిగించాడు. యంత్రం కుదురుగా లేచింది. గంటసేపు చూసినా మళ్ళీ ఆగలేదు.

"అంతేనా బాబూ?" అన్నారు సుక్కన్నగారు సంతోషంగా.

"అంతేనండీ. చెమ్మ పట్టింది."

ఆ మాట అంటున్నప్పుడే అతనికి ఒక సంగతి తట్టింది. మంగళవారంనాడే ఆ మూత విప్పి ఉంటే డిస్కును ముట్టుకునే పనే లేదు. ఈలోగా సుక్కన్నగారు కుర్చీ ముందుకు జరుపుకుని తెరలోకి తొంగిచూస్తున్నారు. ఆయన వేలు ఎడమపక్క పైమూలన ఆగింది.

"ఇక్కడ పసుపుపచ్చ డబ్బా బొమ్మ ఒకటి ఉండేది బాబూ. ఇంటికాడ చూస్తే కనపళ్ళేదు. నీ దగ్గర ఉండిపోయిందేమో అనుకున్నాను. ఉంటే మళ్ళీ పెట్టెయ్యి."

పరమేశం లేచి ఆయన పక్కకు వచ్చాడు.

"అందులో ఏమున్నాయండీ?"

"చెప్పాను కద బాబూ. మాటలు."

అప్పుడు అడిగాడు, ఏం మాటలని. సుక్కన్నగారు చెప్పారు. ఆయన పుట్టిన గూడెంలోనూ, కొండ పక్కన పారే గెడ్డకు అవతలి గూడెంలోనూ వాళ్ళ పెద్దలు మాట్లాడే భాష ఒకటి ఉంది. దానికి లిపి లేదు. పిల్లలు తెలుగులోకీ ఒడియాలోకీ వెళ్ళిపోయారు. ఆయన మేనత్త సోమాయికి ఆ భాష నిండుగా వచ్చు. ఆవిడ పక్కన కూర్చుని పదకొండేళ్ళపాటు ఒక్కొక్క మాటా అడిగి, తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం పెట్టారు. ఆరువేల మూడువందల పైచిలుకు మాటలు. మొదట్లో నోటుపుస్తకాల్లో రాసేవారు. రెండు పుస్తకాలు చెదపురుగులు తినేశాయి. అప్పుడు ఈ యంత్రం కొని, ఒక వేలితో టైపు చేయడం నేర్చుకుని, ఉన్నవన్నీ ఇందులోకి ఎక్కించారు. పాత కాగితాలు మాత్రం ఇంకెందుకులెమ్మని పొయ్యిలో పెట్టేశారు.

"మీ మేనత్తగారు..." అన్నాడు పరమేశం.

"కిందటేడు పోయింది బాబూ."

పరమేశం అప్పుడు జరిగింది చెప్పాడు. తుడిచేశానన్న మాట రెండోసారికి గానీ ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోప్పడలేదు. దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు కూర్చున్నారు.

"కాగితానికి చెద పడతాదని దీన్ని కొన్నాను" అన్నారు చివరికి. ఎదుట ఉన్న కుర్రవాడి ముఖం చూసి, మళ్ళీ తనే సర్ది చెప్పారు. "నీ తప్పేం లేదులే బాబూ. మాటలంటే నువ్వు ఊరికే మాటలనుకున్నావు. నేనే సరిగ్గా చెప్పలేకపోయాను."

పరమేశం నాలుగు రోజులు షాపు మూసి, పోయిన ఫైళ్ళను వెనక్కి లాగడానికి తనకు తెలిసిన ప్రయత్నమల్లా చేశాడు. విశాఖపట్నంలో తెలిసినవాళ్ళకు ఫోను చేసి, వాళ్ళు చెప్పినవన్నీ చేశాడు. పాతవాటి మీద కొత్త ఓఎస్ వచ్చి కూర్చుంది. సుక్కన్నగారు ఒక్కో అక్షరానికి ఒక్కో ఫైలు పెట్టుకున్నారు. వాటిలో 'త' ఒక్కటి పూర్తిగా, 'మ' సగం దొరికాయి. మిగిలినవి తెరిస్తే డబ్బాలూ ప్రశ్నార్థకాలూ తప్ప ఏమీ లేవు. దొరికిన మాటలు నాలుగువందలు కూడా లేవు. వాటిని అచ్చు తీసి, బస్సు ఎక్కి, చివరి స్టేజీలో దిగి, బురదలో రెండు గంటలు నడిచి గూడెం చేరాడు.

సుక్కన్నగారి భార్య అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. ఆవిడది కింద ఊరు. ఆ భాష ఆవిడకు రాదు.

"ఊరినుంచి వచ్చిన కాణ్ణించీ నోరు విప్పలేదు నాయనా" అని గొంతు తగ్గించి చెప్పింది. "అత్త ఉన్నప్పుడు పొద్దస్తమానం ఇద్దరూ ఆ భాషలోనే చెప్పుకుని నవ్వుకునేవోరు. ఆవిడ పోయాక ఆ పెట్టి ముందు కూకుని, రాసినవన్నీ పైకి చదువుకునేవోడు. ఇప్పుడు అదీ లేదు. గెడ్డ అవతల ఇంకో ముసలోడు ఉన్నాడు గానీ ఆయనకి చెవుడు."

పరమేశం ఆ కాగితాలు సుక్కన్నగారి చేతిలో పెట్టాడు. ఆయన మొదటి కాగితం పైకి చదివారు, మెల్లగా, ఒక్కొక్క మాటా నోట్లో తిప్పుకుంటూ. ఒకచోట ఆగి నవ్వారు. "సొరకాయ బుర్రలో నీళ్ళు అడుగంటినప్పుడు చప్పుడవుతాదే, అది బాబూ ఈ మాట" అన్నారు. ఆ వెంటనే కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాతి ఆదివారం పరమేశం కొత్త నోటుపుస్తకంతో వెళ్ళాడు. ఆ పైవారమూ వెళ్ళాడు. సుక్కన్నగారు జ్ఞాపకం ఉన్నవి చెబుతుంటే ఇతను రాసేవాడు. ఎడమపక్క మాట, కుడిపక్క అర్థం. మొదటి నెలల్లో మాటలు ధారగా వచ్చాయి. రానురాను సన్నగిల్లాయి. కొన్నిసార్లు అర్థం గుర్తుండేది, మాట గుర్తొచ్చేది కాదు. "కొత్తగా పుట్టిన దూడ మొదటిసారి లేచి నిలబడినప్పుడు కాళ్ళు వణుకుతాయి చూడు, దానికి అత్త ఒక మాట చెప్పింది. నేనే రాశాను. నా చేత్తోనే టైపు కొట్టాను..." అని పెదవులు కదుపుతూ, గెడ్డ వైపు చూస్తూ ఉండిపోయేవారు. పరమేశం పెన్ను పట్టుకుని ఎదురుచూసేవాడు. కాసేపటికి ఆయనే, "ఆ పక్క ఖాళీ వదిలెయ్యి బాబూ. వస్తే రాద్దాం" అనేవారు.

రెండేళ్ళు అలా జరిగింది. మూడో ఏడు వానల్లో సుక్కన్నగారికి జ్వరం తగిలింది. కబురు అంది పరమేశం వెళ్ళేసరికి మనిషికి తెలివి సరిగ్గా లేదు. భార్య తల కింద చెయ్యి పెట్టి నీళ్ళు పడుతోంది. ఆయన పరమేశం వైపు చూసి ఏదో అన్నారు, మూడు నాలుగు మాటలు, స్పష్టంగానే అన్నారు. ఆ భాషలో అన్నారు. భార్య పరమేశం ముఖంలోకి చూసింది, ఇన్నాళ్ళూ రాశావు కదా, ఏమన్నాడో చెప్పు నాయనా అన్నట్టు. పరమేశానికి అందులో ఒక్క మాటే తెలిసింది. నీళ్ళు అన్న మాట. అదే చెప్పాడు. మిగిలినవి అతని పుస్తకంలో లేవు. చాలవేమోనని ఆవిడ మరో గుక్క నీళ్ళు పట్టింది. ఆయన తల అడ్డంగా ఊపారు. నీళ్ళన్న ఆ మాటే మళ్ళీ పలికి, ఇంకేదో చెప్పబోయారు. తెల్లారేసరికి పోయారు.

ఇంతవరకూ చెప్పి మాస్టారు ఊరుకున్నారు. పుస్తకంలో చివరికి ఎన్ని మాటలు చేరాయని హైమావతి అడిగితే, అచ్చు తీసినవి కలుపుకుని పద్నాలుగువందల పన్నెండు అని చెప్పారు. ఎడమపక్క ఖాళీగా ఉన్నవి రెండువందల ఆరు. ఆ పుస్తకానికి నాలుగు నకళ్ళు తీయించి, ఒకటి గూడెం బడికీ మిగిలినవి మూడు కాలేజీలకూ ఇచ్చారట. ఎవరైనా చూస్తున్నారో లేదో తెలియదన్నారు.

హైమావతికి ఇంకొక్కటి అడగాలనిపించింది.

"మాస్టారూ, ఆ రెండేళ్ళలో ఆయన మిమ్మల్ని ఒక్కసారైనా తిట్టారా?"

"లేదమ్మా" అన్నారు మాస్టారు. "తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి."